నేలబండలకు పూత: ఏ రాతికి ఏది?

బ్రూస్‌పేటలో పాత ఇళ్ళకు మరమ్మతులు చేయించేటప్పుడు తరచుగా వచ్చే ప్రశ్న ఒకటుంది. నేలబండలు వెలిసిపోయాయి, ఏదైనా పూత పూయిస్తే మళ్ళీ నల్లగా వస్తాయా అని. అంగడిలో డబ్బాలకు కొదవ లేదు. ఒకదానిమీద సీలర్ అని, ఇంకొకదానిమీద కలర్ ఎన్‌హాన్సర్ అని రాసి ఉంటుంది. డబ్బామీది బొమ్మ చూసి కొంటే మాత్రం చిక్కే. ముందు మన కాళ్ళకింద ఉన్నది ఏ రాయో తెలియాలి.

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి, బళ్ళారి మైసూరులో చేరింది. నేలబండలకు ఆ హద్దు పట్టలేదు. కడప నల్లబండ, బేతంచెర్ల బండ, తాండూరు బండ, కలబురగి వైపు షాబాదు బండ గీతకు ఈవలా ఆవలా ఇళ్ళలో కనిపించేవే. రంగులు వేరైనా ఇవన్నీ సున్నపురాతి జాతి. ఈ రాళ్ళు దొరికే సీమలో సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది కూడా ఆ సున్నం కోసమే. మన బళ్ళారి కోటగుట్ట సంగతి వేరు, అది గ్రానైటు.

ఈ తేడా ఎందుకంటే, సున్నపురాతికి పులుపు పడదు. చింతపండు రసం, నిమ్మరసం, అన్నిటికన్నా ముఖ్యంగా బాత్రూము కడిగే యాసిడ్ రాతి పైపొరను తినేస్తాయి. గ్రానైటును నిమ్మరసం ఏమీ చేయదు. మీ ఇంట్లో మిగిలిపోయిన బండముక్క ఉంటే దానిమీద ఒక చుక్క నిమ్మరసం వేసి, పది నిమిషాలాగి తుడవండి. మెరుపు పోయి తెల్లని మచ్చ మిగిలితే అది సున్నపురాయి.

చాలామంది పొరబడేది ఇక్కడే. సీలర్ పూసిన తర్వాత యాసిడ్‌తో కడిగినా ఫరవాలేదనుకుంటారు. రాతిలోకి ఇంకే సీలర్ నూనెను, నీటిని, పసుపు మరకను కాసేపు ఆపుతుంది, తుడుచుకునే వ్యవధి ఇస్తుంది. యాసిడ్‌ను ఆపలేదు. యాసిడ్ తిని తెల్లబడిన బండకు కావలసింది పాలిష్ మిషన్ పెట్టే పనివాడు. పైపొర అరగదీసి నునుపు చేయించాకే పూత మాట.

ఇంతకూ సీలర్‌లలో రెండు రకాలున్నాయి. రాతిలోపలికి ఇంకేది ఒకటి, పైన పొరగా నిలిచేది ఒకటి. మొదటి రకంలో ఎక్కువగా సిలేన్, సిలాక్సేన్ అనే సిలికాన్ జాతి పదార్థాలుంటాయి. అవి రాతిలోని సన్నని రంధ్రాల గోడలకు పట్టుకుని నీటిని లోపలికి పీల్చనివ్వవు, అయినా లోపలి తేమ ఆవిరై పోవడానికి దారి ఉంచుతాయి. రాతి రంగు సాధారణంగా మారదు. రెండో రకం అక్రిలిక్, పాలీయురెథేన్ వంటివి. చూడటానికి వార్నిష్ పూసినట్లు తళతళలాడతాయి. కానీ మన పాత ఇళ్ళలో బండలకింద మట్టి, సున్నమే ఉంటుంది, తేమ పైకి వస్తూ ఉంటుంది. ఆ తేమకు దారి మూస్తే కోటింగ్ తెల్లబారి, పొరలుగా లేస్తుంది. తడి కాలితో నడిస్తే జారుతుంది కూడా. ముసలివాళ్ళున్న ఇంట్లో నేనైతే దాని జోలికి పోవద్దంటాను. అనుమానముంటే ఒక ప్లాస్టిక్ కాగితాన్ని నేలమీద పరచి, నాలుగంచులా టేపు అతికించి ఒకరోజు ఉంచండి. అడుగున నీటి బిందువులు కనబడితే పైపొర కోటింగ్ వద్దు.

ఇక రంగు సంగతి. ఎన్‌హాన్సర్ కొత్త రంగు వేయదు, రాతిలో ఉన్న రంగునే ముదురు చేస్తుంది. తడిసిన బండ ఎలా ఉంటుందో ఇంచుమించు అలాగే కనిపిస్తుంది. అందుకే పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. తడిగుడ్డతో బండను తుడిచి చూడండి. ఆ రంగు నచ్చితే ఎన్‌హాన్సర్ పనికొస్తుంది. తడిపినా తేడా కనిపించకపోతే, అంటే బాగా పాలిష్ పట్టిన బండయితే, డబ్బు దండగ. గరుకు కడప బండమీద మంచి ఫలితం ఉంటుంది. పసుపుపచ్చ తాండూరు బండ మాత్రం అనుకున్నదానికన్నా ముదురు కావచ్చు, ఒకసారి ఇంకాక వెనక్కి తీయడం కష్టం. మంచం కిందనో, బీరువా వెనుకనో ఒక బండకు పూసి రెండు రోజులు చూశాకే మిగతాది.

కొందరు కొబ్బరినూనె, కిరోసిన్ కలిపిన గుడ్డతో తుడిచి నల్లబండను నిగనిగలాడిస్తారు. నాలుగు రోజుల ముచ్చటే అది. సండూరు గనుల వైపునుంచి వచ్చే ఎర్రదుమ్ము ఆ జిడ్డులో కలిసి గుంతల్లో పేరుకుంటుంది. జిడ్డున్న రాతిలోకి సీలర్ ఇంకదు, దుమ్ముమీద పూస్తే దుమ్మును లోపలే బిగించినట్లవుతుంది. కాబట్టి యాసిడ్ లేని సబ్బునీళ్ళతో రుద్ది, మంచినీళ్ళతో రెండుసార్లు కడిగి, కనీసం రెండు మూడు రోజులు ఆరనివ్వండి. ఉప్పునీళ్ళ బోరయితే ఆఖరి కడుగుకు కుళాయినీళ్ళు వాడండి, లేకపోతే తెల్లని చార మిగులుతుంది.

పూసేటప్పుడు పలుచగా పూసి, డబ్బామీద చెప్పిన నిమిషాల్లోపల మిగులును గుడ్డతో తుడిచేయాలి. ఆరిన మిగులు జిగురై, గీకినా పోదు. సాల్వెంటు వాసన వచ్చే రకమయితే కిటికీలు, తలుపులు తెరవండి, పొయ్యిగానీ దీపంగానీ వెలిగించకండి, పసిపిల్లలను ఆ పూట పక్కింటికి పంపండి. తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన వేయకుండా బయట విప్పి ఆరేయండి.

ఏడాదికొకసారి వంటింట్లో, గడప దగ్గర నాలుగు నీటిచుక్కలు వేసి పది నిమిషాలు చూడండి. చుక్క చుక్కలాగే నిలిస్తే సీలర్ పనిచేస్తున్నట్లు. రాయి నల్లబడి నీరు ఇంకితే ఆ భాగానికి మళ్ళీ పూయాలి. ఇల్లంతా పూయనక్కరలేదు.