గోడమీది సర్టిఫికెట్
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నా కుడిభుజం నాకు నేర్పిన పాఠం గూర్చి నాలుగు మాటలు మనవి చేస్తాను.

రెండేళ్ళ క్రితం శాలిబండలో మా ఇంటి మెట్లపై జారిపడ్డాను. పాతబస్తీ అలవాటు కొద్దీ కట్లు కట్టే పహిల్వాన్ వద్దకు వెళ్ళాను. ఆయన తడిమి చూసి, "సాబ్, ఇది నాతోని కాదు. దవాఖానకు పోయి ఫొటో తీయించుండ్రి" అన్నాడు. పైసా తీసుకోలేదు. ఎక్స్‌రేలో ఎముక చిట్లినట్లు తేలింది. అది అతికింది గాని, భుజం బిగుసుకుపోయింది.

అప్పుడొక మిత్రుడు నన్నొక కైనీసియాలజీ నిపుణుడి వద్దకు తీసుకువెళ్ళాడు. గోడపై బంగారురంగు ఫ్రేములో సర్టిఫికెట్ వేలాడుతోంది. ఆయన నా ఎడమచేతిని చాపించి నొక్కేవాడు. రెండోచేతిలో మందుసీసా పెట్టి మళ్ళీ నొక్కేవాడు. చెయ్యి గట్టిగా నిలిస్తే ఆ మందు నాకు సరిపడినట్లట! రెండు నెలలు గడిచాయి, డబ్బూ పోయింది. భుజం మాత్రం కదలలేదు.

మా మనుమరాలు ఫిజియోథెరపీ విద్యార్థిని. "తాతయ్యా, ఆ సర్టిఫికెట్ వెనుక ఎన్నాళ్ళ చదువుందో అడిగావా?" అంది. వెళ్ళి అడిగాను. రెండురోజుల శిబిరమట!

కైనీసియాలజీ అంటే శరీర కదలికల శాస్త్రం. విశ్వవిద్యాలయాలలో బోధించే అసలైన శాస్త్రమే. ఈ చెయ్యినొక్కుడు పద్ధతి వేరు. దీన్ని 1964లో అమెరికాలో జార్జి గుడ్‌హార్ట్ అనే కైరోప్రాక్టర్ ప్రారంభించాడు. సీసాలో ఏముందో తెలియనీయకుండా పరీక్షించి చూస్తే, ఫలితాలు బొమ్మా బొరుసా వేసినట్లే వచ్చాయి.

ఫిజియోథెరపీ పట్టా అలాంటిది కాదు. నాలుగేళ్ళ చదువు, ఆపైన ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. 2021లో వచ్చిన కేంద్ర చట్టం ఈ వృత్తులకు జాతీయ కమిషన్‌ను, రాష్ట్ర కౌన్సిళ్ళను, రిజిస్టర్లను నిర్దేశించింది. చార్మినార్ వద్ద నిజామియా తిబ్బీ కళాశాలలో చదివే యునానీ వైద్యులకు కూడా ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్ళ చదువు. వారి వైద్యంలోనూ మర్దన ఒక భాగమే.

పహిల్వాన్ వద్ద కాగితం లేదు, కాని తన హద్దు తెలుసు. అటువంటివాడు దొరకడం నా అదృష్టం. అందరికీ ఆ అదృష్టం ఉండదు గనుకనే రిజిస్టరు కావాలి. కనుక వైద్యం చేసేవారిని మొహమాటపడకుండా అడగండి: ఏం చదివారు? ఎన్నేళ్ళు? ఏ రిజిస్టరులో మీ పేరుంది?

ఆ తరువాత అర్హత గల ఫిజియోథెరపిస్టు మూడునెలలు వ్యాయామాలు చేయించారు. అందువల్లనే ఈరోజు రెండు చేతులూ ఎత్తి మీకు నమస్కరించగలుగుతున్నాను.

సెలవు.