పంతులు నిలిస్తేనే బడి నిలుస్తుంది



మన ఉట్నూరు ప్రాంతంలో చదువు మాట వస్తే మార్లవాయి గుర్తుకొస్తుంది. 1943లో హైమన్‌డార్ఫ్ చొరవతో అక్కడ గోండు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. మన యువకులే పంతుళ్లయి, మన భాషలోనే పాఠం చెప్పారు. స్థానిక గిరిజనులకే ఉపాధ్యాయ పోస్టులన్న 2000 నాటి జీవో 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఇక మన భాష తెలిసినవారే వస్తారన్న భరోసా లేదు. వచ్చినవారిని మనవాళ్లుగా చేసుకోవడమే దారి. ఆ పనిలో మొదటి చెయ్యి ప్రధానోపాధ్యాయులది. జీతాలు, బదిలీలు మీ చేతిలో లేవని మాకు తెలుసు. ఉన్నవాటి గురించే మూడు మాటలు మనవి చేస్తాం.

మొదటిది, కొత్త పంతులు మొదటి వారం. ఒకటో తరగతి పిల్ల 'ఏర్' అంటే మంచినీళ్లు అడుగుతోందని మైదానం నుంచి వచ్చినాయనకు ఎలా తెలుస్తుంది? ఆయనకు తెలిసిన ఏరు వాగే. గోండి తెలిసిన ఉపాధ్యాయుణ్ని ఆయనకు తోడుగా పెట్టండి. ఒక సాయంత్రం మీరే గూడేనికి తీసుకురండి, పటేల్ ఇంట్లో చాయ్ తాగుదాం. దండారి రోజుల్లో పిల్లల మనసు ఇంటి మీదే ఎందుకుంటుందో ఆయనకే అర్థమవుతుంది.

రెండోది, పనిభారం. మేము చదువుకునే రోజుల్లో ఒక సారు, జ్వరమొచ్చిన మా తోటివాణ్ని రాత్రంతా ఆసుపత్రిలో కాచుకుని తెల్లారి నేరుగా బడికి వచ్చారు. పాఠ్య ప్రణాళిక ఎందుకు రాయలేదని పెద్దసారు మా ముందే నిలదీశారు. ఆ సారు బదిలీ పెట్టుకుని వెళ్లిపోయారు. ఆ ఏడాదంతా మాకు లెక్కలు చెప్పేవారు లేరు. నష్టపోయింది ఆ సారు కాదు, మేము. అందుకే రాత్రి డ్యూటీ చేసినవారికి ఉదయం రెండు పీరియడ్లు విశ్రాంతినిచ్చి, ఆ తరగతిలో మీరు నిలబడండి. తప్పుంటే గదిలో చెప్పండి, మంచి ఉంటే అందరిలో చెప్పండి. 'బాగా చేస్తున్నారు' అంటే చాలదు. ఏ పిల్లకు చదవడం వచ్చిందో పేరుపెట్టి చెప్పండి.

మూడోది, కాంట్రాక్టు ఉపాధ్యాయులు. పాఠం ఒకటే అయినప్పుడు స్టాఫ్‌రూంలో మర్యాద రెండు రకాలు ఉండకూడదు. వారి జీతం బిల్లు మీ బల్ల మీద ఒక్కరోజు కూడా ఆగకూడదు.

మా వంతు కూడా ఉంది. పిలిస్తే మా పెద్దలు బడికి వచ్చి కథలు చెబుతారు, కొత్త పంతుళ్లకు గోండి మాటలు నేర్పుతారు. బడి మీది ఒక్కరిదే కాదు, మనందరిది.

జై సేవా!