బ్రిస్టల్ రాత్రి పందెం

అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో బ్రిస్టల్ కార్ల ట్రాకు చుట్టుకొలత అర మైలు పైచిలుకే. ఫ్లడ్‌లైట్ల వెలుగులో 500 చుట్లు, చుట్టుకు ఇంచుమించు 16 సెకన్లు. కాంక్రీటు గిన్నెలో గోలీలు తిప్పినట్టే!

ఆ రాష్ట్రంలో 2020 నవంబరు నుంచి ఆన్‌లైన్‌లో పందెం కాయొచ్చు. డ్రైవరు పేరు పక్కన ప్లస్ 800 అని ఉంటే, 100 డాలర్లు కాసి గెలిచినవాడికి 800 లాభం. అంటే ఆ డ్రైవరు నెగ్గడం కష్టమని పందేల కంపెనీ లెక్క.

ఆ లెక్కలు ఈ ఇరుకు ట్రాకు మీద ఎంతసేపు నిలుస్తాయో చూడండి. 1999 ఆగస్టు రాత్రి, ఆఖరి చుట్టు. ముందు డ్రైవరు టెర్రీ లబాంటీ. వెనక నుంచి డేల్ ఎర్న్‌హార్ట్ బంపరు తగిలించాడు. లబాంటీ కారు గిర్రున తిరిగిపోయింది, గెలుపు ఎర్న్‌హార్ట్‌ది. కాస్త కుదుపుదామనే అనుకున్నానని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. జనం మాత్రం గోలగోలగా నిరసన తెలిపారు.