పుట్టీ కింద తుప్పు

పనులు పక్కన పెట్టి రేడియో దగ్గర కూర్చున్న మీకు ఈ రోజు ఒక పాత కారు సంగతి చెబుతాను. కారుతో మాకేం పని అనకండి, కాసేపు ఓపిక పట్టండి.

1960లలో అమెరికా కంపెనీలు మధ్యరకం కార్లలో పెద్ద ఇంజన్లు బిగించి కుర్రకారుకు అమ్మేవి. వాటిని మజిల్ కార్లు అన్నారు, అంటే కండబలం గల కార్లు. పాంటియాక్ వారు 1964లో లెమాన్స్ అనే కారుకే 389 ఘనపుటంగుళాల ఇంజను, అనగా 6.4 లీటర్లది, అమర్చి జీటీఓ అని పేరు పెట్టారు. తొలి ఏడాదే 32,450 అమ్ముడుపోయాయి. తర్వాత బీమా ఖర్చులు, పొగ మీద చట్టాలు, 1973 చమురు కొరత వచ్చి ఆ వైభవం పోయింది. మిగిలినవాటిని ఇప్పుడు ప్రాణంగా బాగుచేసుకుంటారు.

కొన్నేళ్ల క్రితం మిషిగన్‌లో ఒక తెలుగు కుటుంబానికి అతిథిగా ఉన్నాను. పొరుగింటి పెద్దాయన రిటైరైన డబ్బులో చాలా భాగం పెట్టి 1966 జీటీఓ కొన్నాడు. నిగనిగలాడే ఎర్ర రంగు. నా చేతికి చిన్న అయస్కాంతం ఇచ్చి, వెనక చక్రం పైన పెట్టి చూడమన్నాడు. అంటుకోలేదు! మన డెంటింగ్ షెడ్డుల్లో వాడే పుట్టీయే అక్కడ వేలెడు మందాన ఉంది. దాని కింద అంతా తుప్పు, చిల్లులు.

తర్వాత డ్రైవరు తలుపు తెరిచి, కీలు దగ్గర రివెట్లు కొట్టిన రేకు చూపించాడు. 1966 జీటీఓ నంబరు 242తో మొదలవ్వాలి. దీని మీద 237 ఉంది. అంటే ఇది లెమాన్స్. ఎవరో జీటీఓ గుర్తులు తెచ్చి తగిలించారు. ఈ సంగతి భార్యకు చెప్పడానికి ఆయనకు మూడు రోజులు పట్టిందట.

స్నేహితులు ఏమన్నారో తెలుసా? మళ్లీ రంగు కొట్టించి జీటీఓ అనే అమ్మెయ్, నిన్ను ముంచినవాడు చేసిందీ అదే కదా అన్నారు. బస్తా పైన మంచి గింజలు, అడుగున తాలు పోసేవాళ్లు మన ఊళ్లలో లేరా, ప్రియులారా? వాళ్లలో చాలామంది ఒకప్పుడు మోసపోయినవాళ్లే.

ఆయన అమ్మలేదు. కుళ్లిన రేకు కోసి కొత్త రేకు వెల్డింగు చేయించాడు. బ్రేకుల దగ్గర మాత్రం ఆగి ఆలోచించాడు. ఆ కారుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. మాస్టర్ సిలిండరుకు ఒకటే గది, గొట్టం ఒక్కచోట కారితే నాలుగు బ్రేకులూ పోతాయి. ఫ్యాక్టరీలో ఉన్నట్టే ఉంచాలని కొందరి పట్టుదల. అసలైన జీటీఓ అయితే నేనూ అదే అందునేమో, ఎందుకంటే అది చరిత్ర. కాని ఈయన మనవరాలిని ఎక్కించుకుని తిప్పాలి. రెండు గదుల సిలిండరు, ముందు డిస్కు బ్రేకులు పెట్టించాడు. పెట్టించినవన్నీ ఒక పుస్తకంలో రాశాడు. తుప్పు ఫోటోలు కూడా అందులోనే అంటించాడు.

డెట్రాయిట్ పక్క ఉడ్‌వర్డ్ రోడ్డు మీద 1995 నుంచి ఆగస్టులో పాత కార్ల ఊరేగింపు జరుగుతోంది. రెండేళ్ల తర్వాత ఆయన కారు అక్కడ నిలబెట్టాడని నా ఆతిథేయులు ఫోనులో చెప్పారు. అద్దం మీద ఒక అట్ట: "1966 లెమాన్స్. జీటీఓ కాదు." ఒకాయన చుట్టూ తిరిగి చూసి, అసలు జీటీఓ అయితే ఎంతైనా ఇచ్చేవాణ్ణి అన్నాడట. పెద్దాయన నవ్వి, జేబులోంచి అయస్కాంతం తీసి ఆయన చేతిలో పెట్టాడు.