బొమ్మ చూసి చప్పట్లు కొట్టండి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

1986 పదో తరగతి బ్యాచ్ తరఫున నన్ను మాట్లాడమన్నారు. ఇంజనీరువి కదా, హైటెక్ సిటీ గురించి చెప్పమన్నారు. నేను బొమ్మల గురించి చెబుతాను. హైటెక్ సిటీ దారిలోనే వస్తుంది.

మా క్లాసులో పోలియో వచ్చిన మిత్రుడు ఒకడుండేవాడు. మా అందరి సైన్సు రికార్డుల్లో గుండె బొమ్మలూ, మందార పువ్వు నిలువుకోతలూ వాడు గీసినవే. డ్రాయింగు పోటీలో వాడికి మొదటి బహుమతి వస్తే ఇద్దరం ఎత్తుకుని ఈ వేదిక ఎక్కించాం. బడంతా చప్పట్లు. దిగాక వాడన్నాడు: "చప్పట్లు బొమ్మకి కాదురా, మీరు మోసినందుకు." అప్పుడు నాకు అర్థం కాలేదు. వాడు ఇవాళ మూడో వరసలో కూర్చున్నాడు. అడిగి, సరేనన్నాకే ఇది చెబుతున్నాను.

ఆ రోజుల్లోనే, 1985లో, 'మయూరి' వచ్చింది. ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, జైపూర్ పాదంతో మళ్ళీ నాట్యం చేసిన సుధాచంద్రన్ తన కథలో తానే నటించారు. హాల్లో అందరం ఏడ్చాం. నాట్యం ఎలా ఉందో మాత్రం ఎవరం మాట్లాడుకోలేదు.

సిరిసిల్ల రాజేశ్వరి గారి విషయంలోనూ అంతే. చేతులు సహకరించక, కాలివేళ్ల మధ్య కలం పట్టి వందల కవితలు రాశారు. సుద్దాల అశోక్‌తేజ గారు పూనుకుని పుస్తకం తెచ్చారు. 2022లో ఆమె కన్నుమూశారు. కాలితో రాశారని అందరికీ తెలుసు. ఏం రాశారో ఎందరు చదివారు? నేనూ చాలాకాలం చదవలేదు.

ఇక నా సంగతి. ముప్పై ఎనిమిదో ఏట యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అని తేలింది. వెన్ను కీళ్లు బిగుసుకుపోయే జబ్బు. కదిలితే కాస్త నయం, కూర్చుంటే నరకం. నా ఉద్యోగమేమో కూర్చునేది. మాదాపూర్ ఆఫీసులో మీటింగుల్లో నిలబడేవాణ్ణి, "నిద్రొస్తోంది" అని అబద్ధం చెప్పేవాణ్ణి. ఆలస్యంగా వస్తే ట్రాఫిక్ మీద నెట్టేవాణ్ణి.

క్షయతో తీసుకుంటూనే అలిశెట్టి ప్రభాకర్ ఈ నగరం మీద 'సిటీ లైఫ్' కవితలు రాశారు. 1993లో, నలభై నిండకుండానే పోయారు. అవి చదివాక అనిపించింది, ఒళ్లు బాగయ్యేదాకా ఆగనక్కర్లేదని. రోజూ పొద్దున బూటు లేసు కట్టుకోవడానికి ఎంత వంగగలిగానో గీయడం మొదలుపెట్టాను. ఇంజనీరు గీత కదా, పక్కన డిగ్రీలు కూడా వేసేవాణ్ణి. ఒక కాగితం పొరపాటున డెస్కు మీద ఉండిపోయింది. మా టీములో అమ్మాయి చూసి, "సార్, మీకూనా?" అంది. ఆమెకు లూపస్. రెండేళ్లుగా పక్క సీట్లోనే ఉంది. ఇద్దరం ఒకరి దగ్గర ఒకరం దాచుకున్నాం.

2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. పైకి కనిపించనివీ అందులో ఉన్నాయి. అయినా ఆఫీసులో నోరు విప్పి చెప్పడం కష్టం. మాకు ఆ పని ఒక బొమ్మ చేసిపెట్టింది. ఆమె దాన్ని మెచ్చుకోలేదు, జాలిపడలేదు. చదివింది, అంతే. గీసేవాడికి కావలసింది అదే.

చివరగా ఒక మనవి. ఈ వేదికకు ఇప్పటికీ 6 మెట్లు. నిన్న టేపు పెట్టి కొలిచాను: 90 సెంటీమీటర్ల ఎత్తు. ఒకటికి పన్నెండు వాలు చొప్పున 10.8 మీటర్ల ర్యాంప్ కావాలి. వేపచెట్టు వైపు ఒక మలుపు తిప్పితే చోటు సరిపోతుంది. స్వర్ణోత్సవ నిధిలో మొదటి పద్దు అదే కావాలని కోరుతున్నాను. డ్రాయింగు నేను ఇస్తాను.

వచ్చే ఏడాది మా మిత్రుడి బొమ్మల ప్రదర్శన ఇక్కడే పెడదాం. వాడు తనంతట తాను పైకి వస్తాడు. అప్పుడు బొమ్మలు చూసి, బాగుంటేనే చప్పట్లు కొట్టండి.

సెలవు.