మోటారు సైకిలు బ్యాటరీ ఎందుకు పాడవుతుంది? బస్తర్ దారుల నుంచి ఒక పాఠం



ఛత్తీస్‌గఢ్ రాష్ట్రానికి దక్షిణాన బస్తర్ ప్రాంతం ఉంది. జగదల్‌పూర్ దాని ముఖ్య పట్టణం. అక్కడి నుంచి 30వ నంబరు జాతీయ రహదారి సుక్మా, కోంటా మీదుగా మన చింతూరుకు, ఆపైన భద్రాచలం వైపుకు వస్తుంది. కోంటాలోనూ, గోదావరికి దగ్గరగా ఉన్న భోపాల్‌పట్నంలోనూ తెలుగు వినిపిస్తుంది. సంతలు, చుట్టరికాలు, ఆసుపత్రి పనులు రాష్ట్రాల సరిహద్దు దాటి సాగుతుంటాయి. పెద్ద రోడ్డు దిగితే మాత్రం చాలా ఊళ్ళకు అడవి బాటలు, వాగులే దారి. కారు, జీపు పోలేని చోటికి మోటారు సైకిలు పోతుంది.

అందుకే అక్కడ మోటారు సైకిలు అంబులెన్సు కూడా అయింది. 2010ల దశకం మధ్యలో నారాయణపూర్ జిల్లాలో యూనిసెఫ్ సాయంతో గర్భిణులను, రోగులను మోటారు సైకిలు అంబులెన్సులపై ఆసుపత్రికి చేర్చే ఏర్పాటు జరిగింది. 2021 జనవరి 18న డి.ఆర్.డి.ఓ.కు చెందిన ఇన్‌మాస్ ప్రయోగశాల 'రక్షిత' అనే బైకు అంబులెన్సును సి.ఆర్.పి.ఎఫ్.కు అప్పగించింది. అది 350 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ బండి మీద తయారైనది. ఆక్సిజన్ కిట్టు, రోగి స్థితిని గమనించే పరికరాలు అందులో ఉంటాయి. అలాంటి బండి అర్ధరాత్రి వాగు ఒడ్డున సెల్ఫ్ నొక్కితే 'టక్' మని ఊరుకుంటే ఏమవుతుందో ఊహించండి. ఈనాటి మన పాఠం ఆ 'టక్' గురించే.

ముందుగా ఒక మాట. బ్యాటరీ చచ్చిపోతే మనవాళ్ళు సాధారణంగా కొత్తది వేయిస్తారు. మూడు నెలలకు అదీ పోతుంది. అప్పుడు కంపెనీని తిడతారు. చాలాసార్లు బ్యాటరీ నేరస్థురాలు కాదు, బాధితురాలు. దానికి సరిగ్గా తిండి పెట్టని, లేదా అతిగా పెట్టే ఛార్జింగ్ వ్యవస్థే దాన్ని చంపుతుంది. అది తేల్చకుండా వేసిన ప్రతి కొత్త బ్యాటరీ దండగే.

ఇంజను తిరిగినప్పుడు దాని పక్కన ఒక అయస్కాంతాల చక్రం తిరుగుతుంది. దాని లోపల రాగితీగ చుట్టలు ఉంటాయి. మెకానిక్కులు దీన్ని మాగ్నెట్ కాయిల్ అంటారు. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ ఇక్కడ పనిచేస్తుంది. పుట్టేది ఏకాంతర విద్యుత్తు. బ్యాటరీకి కావలసింది ఏకముఖ విద్యుత్తు. ఈ మార్పు చేసేది రెక్టిఫయరు. వోల్టేజీ హద్దు దాటకుండా చూసేది రెగ్యులేటరు. రెండూ ఒకే అల్యూమినియం డబ్బాలో ఉంటాయి.

ఇక్కడ కారుకూ బైకుకూ ఒక తేడా ఉంది. కారు ఆల్టర్నేటరులో అయస్కాంత బలాన్ని తగ్గించుకోవచ్చు. బైకులో ఉన్నవి శాశ్వత అయస్కాంతాలు; వాటిని తగ్గించడం కుదరదు. అందుకని చాలా బండ్లలో రెగ్యులేటరు అదనపు విద్యుత్తును షార్టు చేసి కాయిల్‌కే తిప్పి పంపుతుంది. దాంతో రెగ్యులేటరూ, కాయిలూ వేడెక్కుతాయి. ఆ డబ్బాకు రెక్కలు పెట్టింది గాలి తగలడానికే. వానాకాలంలో బస్తర్ ఎర్రమట్టి ఆ రెక్కల మధ్య గట్టిపడి కూర్చుంటే వేడి ఎటు పోతుంది? మట్టిని నీళ్ళతో కడగడం ఖర్చులేని మరమ్మతు.

ఇప్పుడు బ్యాటరీ ఎలా చస్తుందో చూద్దాం. దారులు రెండు.

మొదటిది ఆకలి చావు. బ్యాటరీ ఖర్చవుతున్నప్పుడు రెండు పలకల మీదా లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది. వెంటనే ఛార్జి చేస్తే అది మళ్ళీ విడిపోతుంది. సగం ఛార్జితో రోజుల తరబడి వదిలేస్తే గట్టి స్ఫటికాలుగా మారుతుంది, ఇక లొంగదు. రెండోది అజీర్ణం. వోల్టేజీ మరీ ఎక్కువైతే ఆమ్లంలోని నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోయి ఎగిరిపోతుంది, పలకలు తినేసుకుపోతాయి. సీలు వేసిన బ్యాటరీలో మళ్ళీ నీళ్ళు పోసే వీలు కూడా లేదు. బండి దగ్గర కుళ్ళిన గుడ్ల వాసన వస్తే వెంటనే ఇంజను ఆపండి, దగ్గర్లో అగ్గిపుల్ల గీయకండి.

ఆకలి చావు ఎలా వస్తుందో లెక్క వేద్దాం. 5 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఉందనుకోండి. సెల్ఫ్ మోటారు 60 ఆంపియర్ల చొప్పున 3 సెకన్లు లాగిందనుకుందాం. అది 180 కూలుంబులు. బ్యాటరీలో ఉన్నది 5 × 3600, అంటే 18,000 కూలుంబులు. ఖర్చు నూటికి ఒక వంతు! సెల్ఫ్ ఎక్కువగా కొడితే బ్యాటరీ పోతుందనే మాటలో అంత నిజం లేదు. ఇప్పుడు ఇంజను ఆపకుండా నిలబెట్టిన బండిని చూడండి. 35 వాట్ల హెడ్‌లైటుకు సుమారు 3 ఆంపియర్లు, పెట్రోలు పంపుకూ, ఇగ్నిషన్‌కూ 2, మిగతా దీపాలకు 1, మొత్తం 6. ఐడ్లింగులో కాయిల్ ఇచ్చేది 4 అనుకుంటే, మిగతా 2 ఆంపియర్లు బ్యాటరీయే పెట్టుకోవాలి. అరగంటలో 1 ఆంపియర్-అవర్ పోయింది, అంటే అయిదో వంతు. రోగి కోసం ఊరి బయట లైటు వేసుకుని ఎదురుచూసే బండి పరిస్థితి ఇదే. అడవి దారి కోసం అదనంగా దీపాలు బిగిస్తే లోటు ఇంకా పెరుగుతుంది.

2017 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో కొత్త ద్విచక్ర వాహనాలకు హెడ్‌లైటు ఎప్పుడూ వెలిగే ఉండాలనే నిబంధన వచ్చింది. 2020 ఏప్రిల్‌లో బి.ఎస్.-6 ప్రమాణాలు వచ్చాక పెట్రోలును ఇంజెక్టరు ద్వారా పంపే బండ్లు బాగా పెరిగాయి. పాత కార్బురేటరు బండిని బ్యాటరీ చచ్చినా కిక్ కొట్టి ఇంటికి తెచ్చుకునేవాళ్ళం. కొత్త బండ్లలో పంపుకూ, కంప్యూటరుకూ కాస్తయినా వోల్టేజీ కావాలి. చాలావాటికి కిక్ రాడ్డే లేదు.

ఇక పరీక్షకు వద్దాం. నా బల్ల మీద ఉన్న ఈ మల్టీమీటరు చాలు. మొదట బండిని రాత్రంతా వదిలేసి, ఉదయాన్నే స్టార్టు చేయకముందు బ్యాటరీ వోల్టేజీ చూడండి. 12.6 నుంచి 12.8 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 ఉంటే ముప్పాతిక. 12.0కు దిగితే దాదాపు ఖాళీ. తర్వాత సెల్ఫ్ నొక్కుతూ చూడండి. 12.7 ఉన్నది ఒక్కసారిగా 9 కంటే బాగా కిందికి పడిపోతే బ్యాటరీ లోపలే బలం లేదు. ఖాళీగా ఉన్న బ్యాటరీకి మాత్రం ఈ పరీక్ష పెట్టకండి, ముందు బయట ఛార్జరుతో నింపండి. ఆకలితో ఉన్నవాడిని పరుగు పందెంలో నిలబెట్టి బలహీనుడనడం న్యాయం కాదు.

ఆ తర్వాత ఇంజనును నిమిషానికి 4,000 చుట్ల దగ్గర ఉంచి కొలవండి. చాలా బండ్లలో 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య రావాలి. 15 దాటితే రెగ్యులేటరును గానీ, అది బ్యాటరీ వోల్టేజీని తెలుసుకునే తీగను గానీ అనుమానించాలి. ఆ తీగ చివర తుప్పు పడితే రెగ్యులేటరుకు వోల్టేజీ తక్కువగా కనిపిస్తుంది, అది ఇంకా ఇంకా పంపుతుంది. వేసవిలో మరో చిక్కు ఉంది. 12 వోల్టుల బ్యాటరీకి తగిన ఛార్జింగ్ వోల్టేజీ డిగ్రీకి సుమారు 0.024 చొప్పున తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర 14.4 సరిపోతే, 42 డిగ్రీల ఎండలో 14.0 చాలు.

అలా కాక 12.5 దగ్గరే ఆగిపోతే ఛార్జింగ్ రావడం లేదు. అప్పుడు రెగ్యులేటరు కొనడానికి పరుగెత్తకండి. కాయిల్ నుంచి వచ్చే తీగల సాకెట్ చూడండి. వాగులు దాటే బండ్లలో నీరు చేరి, పిన్నులు పచ్చబడి, నిరోధం పెరిగి, ప్లాస్టిక్ కరిగి ఉంటుంది. నా అంచనాలో మొదట అనుమానించవలసింది దీన్నే, ఎందుకంటే కళ్ళతోనే కనిపిస్తుంది, ఖర్చూ తక్కువ. ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ నెగటివుకూ, రెగ్యులేటరు ఎర్తు తీగకూ మధ్య మీటరు పెట్టండి. 0.2 వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఎర్తు బాగాలేదు. ఓమ్ నియమం మీ పుస్తకంలోంచి బండిలోకి వచ్చింది!

సాకెట్లు బాగుంటే కాయిల్‌ను చూడాలి. మూడు తీగలున్న కాయిల్ అయితే సాకెట్ విప్పి, మీటరును ఏకాంతర విద్యుత్తుకు మార్చి, ఇంజనును కొద్దిసేపు నడిపి రెండేసి తీగల మధ్య కొలవండి. మూడు జతల్లోనూ దాదాపు ఒకే వోల్టేజీ రావాలి, ఇంజను వేగంతో పెరగాలి. ఒక జత తగ్గితే చుట్ట కాలినట్టే. ఇంజను ఆపి, ఒక్కో తీగకూ ఇంజను బాడీకీ మధ్య ఓములు చూడండి. ఏ మాత్రం కలయిక ఉండకూడదు. కాయిల్ బాగుండీ ఛార్జింగ్ రాకపోతే అప్పుడు రెగ్యులేటరు మార్చండి.

ఒక హెచ్చరిక. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకేసి, బండి ఆగకపోతే ఛార్జింగ్ బాగుందని చెప్పే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. కొత్త బండ్లలో అలా చేస్తే వోల్టేజీ ఎగిసి కంప్యూటరే కాలిపోవచ్చు. చేయనివ్వకండి.

ఛార్జింగ్ అంతా బాగుండి, ఉదయానికి బ్యాటరీ దిగిపోతుంటే దొంగ ఖర్చు వెతకాలి. తాళం తీసేసి, నెగటివు తీగ విప్పి, మీటరును ఆంపియర్లకు మార్చి మధ్యలో కలపండి. కొద్ది మిల్లీ ఆంపియర్లు మామూలే. 50 చూపిస్తే రోజుకు 1.2 ఆంపియర్-అవర్లు పోతున్నట్టు. మన 5 ఆంపియర్-అవర్ల బ్యాటరీ నాలుగు రోజుల్లో ఖాళీ. మీటరు ఇలా ఉండగా సెల్ఫ్ నొక్కారో, దాని ఫ్యూజు పోతుంది.

మీకొక పని ఇస్తాను. ఇంట్లో బండి ఉంటే వారం రోజులు రాత్రీ, ఉదయం వోల్టేజీ రాసి గ్రాఫు గీయండి. మొదటి నాలుగు రాత్రులు తీగలు కలిపి ఉంచండి, తర్వాతి మూడు రాత్రులు పెద్దవాళ్ళ సాయంతో నెగటివు తీగ విప్పి ఉంచండి. ఏ రాత్రీ పెద్దగా పడకపోతే సరే. తీగ కలిపి ఉన్నప్పుడు మాత్రమే పడితే బండిలో ఎక్కడో లీకేజీ ఉంది. విప్పి ఉంచినా అంతే పడితే లోపం బ్యాటరీలోనే. అప్పుడు కొత్తది కొని, పాతదాన్ని చెత్తలో వేయకుండా అదే దుకాణంలో ఇచ్చేయండి, అందులో సీసం ఉంటుంది.