మోటారు సైకిలు కన్వర్టరు ఎందుకు పాడవుతుంది?
(సంఘ కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



గేదెలు, దాణా, వెన్న శాతం గురించి చెప్పవలసిన చోట మోటారు సైకిలు ప్రస్తావన ఏమిటని కొందరికి అనిపించవచ్చు. శివారు పల్లెల నుండి పాల క్యాన్లు శీతలీకరణ కేంద్రానికి చేరేది చాలా చోట్ల ఈ బండి మీదనే గదా! పూర్వం సైలెన్సరు తుప్పు పడితే వెల్డింగుతో సరిపోయేది. ఇప్పటి బండికి కన్వర్టరు పోతే వేలల్లో ఖర్చు.

2020 ఏప్రిల్ నుండి అమ్ముతున్న బి.ఎస్.6 పెట్రోలు మోటారు సైకిళ్ల పొగగొట్టంలో కెటాలిటిక్ కన్వర్టరు ఉంటుంది. అది తేనెపట్టులా సన్నని రంధ్రాలున్న దిమ్మె. రంధ్రాల గోడలపై ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి లోహాలు అతి సూక్ష్మ రేణువులుగా అంటి ఉంటాయి. కార్బన్ మోనాక్సైడు, కాలని పెట్రోలు ఆవిరి వాటిని తాకి బొగ్గుపులుసు వాయువుగా, నీటి ఆవిరిగా మారుతాయి. ఈ పనిలో లోహాలు ఖర్చయిపోవు. మరి పాడవడమెందుకు?

కవ్వం తిప్పుతుంటే విడివిడిగా ఉన్న కొవ్వు రేణువులు ఒకదానికొకటి అంటుకుని వెన్న ముద్ద కట్టడం మనం రోజూ చూస్తున్నదే. విపరీతమైన వేడికి ఈ లోహపు రేణువులూ అలాగే కలిసి పెద్దవవుతాయి. లోహం అంతే ఉన్నా, వాయువులు తాకే చోటు తగ్గిపోతుంది. పని మొదలు కావడానికి సుమారు 300 డిగ్రీల వేడి అవసరమే. కాని 900 డిగ్రీలు దాటితే ఈ చేటు త్వరగా జరుగుతుంది. ముద్ద కట్టినదానిని ఏ మెకానిక్కూ విడదీయలేడు.

అంత వేడి ఎక్కడిది? ప్లగ్గు సరిగా వెలగకపోతే ఇంజనులో కాలని పెట్రోలు కన్వర్టరులోకి పోయి అక్కడ మండుతుంది. క్యాన్ల బరువుతో బండి టపటపమంటూ కొట్టుకుంటున్నా, పాలు విరుగుతాయనే తొందరలో అలాగే నడిపేస్తాం. పది రూపాయల పని వాయిదా వేసి వేల రూపాయల వస్తువును కాల్చుకోవడమే ఇది. ఇంజను బొమ్మ దీపం వెలిగితే వెంటనే చూపించండి.

రెండవ శత్రువు ఇంజను నూనె. రింగులు అరిగి నూనె కాలితే అందులోని భాస్వరం, జింకు రంధ్రాల గోడలపై పొరలా పేరుకుంటాయి. నూనె మాటిమాటికీ తగ్గుతున్నదంటే అది ఈ దారినే పోతున్నదని అనుమానించాలి. ట్రాక్టరుకు తెచ్చిన డబ్బాలో మిగిలిన నూనె పోయకండి. బండి పుస్తకంలో సూచించినదే వాడండి.

దిమ్మెను పీకేస్తే బండి బాగా లాగుతుందని చెప్పేవారున్నారు. చట్టం సంగతి అటుంచి, కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు. ఉదయం చల్లటి ఇంజనుతో వచ్చిన బండికి కన్వర్టరు ఉన్నా ఇంకా పని మొదలై ఉండదు. కాబట్టి పాలు పోయడానికి సభ్యులు వరుసలో నిలబడిన గది గుమ్మంలో ఏ బండినీ ఇంజను ఆపకుండా నిలపనివ్వకండి.